రాతపని మీద బతికేవాళ్ళకి ఏఐ యాప్ ఎంతవరకు పనికొస్తుంది: అమలాపురం నుంచి ఒక రివ్యూ

ముందే తేల్చి చెప్పేస్తాను, చివరిదాకా చదివే తీరిక అందరికీ ఉండదు. తెలుగులో రాసి నాలుగు రూపాయలు సంపాదించుకునేవాళ్ళు ఏఐ చాట్ యాప్ ఒకటి దగ్గర పెట్టుకోండి, మంచిదే. కానీ దానితో రాయించకండి, చదివించండి. చదివే పనికి 5కి 4 ఇస్తాను. తెలుగులో రాసే పనికి ఒకటిన్నర ఇస్తే ఎక్కువే. ఈ రెండిటి మధ్య తేడా చెప్పకుండా కొంతమంది అద్భుతం అంటున్నారు, కొంతమంది మన పొట్ట కొట్టడానికే వచ్చింది అంటున్నారు, మధ్యలో కొత్తగా రాద్దామనుకునే పిల్లలకి ఏమీ అర్థం కావడం లేదు.

నేను ఉండేది అమలాపురంలో. గుడి కరపత్రాలు, షష్టిపూర్తి సంచికలు, భీమవరం వైపు రొయ్యల మేత అమ్మేవాళ్ళకి పాంప్లెట్లు, యూట్యూబ్ ఛానళ్ళకి స్క్రిప్టులు, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు, ఇవి నా పని. మధ్యలో వీలు దొరికితే కథలు. ఇల్లు గడిచేది మాత్రం పై వాటితోనే. కాబట్టి నేను చెప్పేది పెద్ద నవలాకారులకి సంబంధించింది కాదు, డెల్టాలో చిన్న టౌన్‌లో కూర్చుని రాతపని మీద బతుకుదామనుకునేవాళ్ళకి. రెండు యాప్‌లు డబ్బు కట్టి వాడాను. ఏ కంపెనీవో చెప్పను, ఎందుకంటే నేను చూసిన లోపాలు రెండిటిలోనూ ఒకటే.

డబ్బు సంగతి. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చింది. దాని ప్లస్ ప్లాన్ 2025లో మన దేశంలో నెలకి 1,999 రూపాయలు ఉండేది, 2025 ఆగస్టులో 399కి చిన్న ప్లాన్ తెచ్చారు, అదే ఏడాది నవంబరు 4 నుంచి ఆ చిన్న ప్లాన్‌ని ఏడాదిపాటు ఉచితం అన్నారు. అదే 2025లో ఎయిర్‌టెల్ వాళ్ళు తమ కస్టమర్లకి పర్‌ప్లెక్సిటీ ప్రో అనే ఇంకో ఏఐ యాప్ ఏడాది ఉచితం అన్నారు, జియో వాళ్ళు గూగుల్ వాళ్ళ జెమినై ప్రో 18 నెలలు ఇస్తామన్నారు. కాబట్టి మీ సిమ్‌తోపాటు ఏం వస్తుందో చూసుకోకుండా మాత్రం ఒక్క రూపాయి కట్టకండి. నెలకి రెండు వేలంటే మన ప్రాంతంలో రాసుకునేవాడికి చిన్న మొత్తం కాదు, ఆ డబ్బుతో వచ్చే అదనపు లాభం తెలుగు పనిలో నాకు కనపడలేదు.

తెలుగువాళ్ళం తెలుసుకోవాల్సిన విషయం ఇంకోటి ఉంది, ఇది ఎవరూ చెప్పరు. ఈ యాప్‌లు మన వాక్యాన్ని మనలా చదవవు, టోకెన్లనే చిన్న చిన్న ముక్కలుగా చేసుకుని చదువుతాయి, వాడకం లెక్క కూడా చాలాచోట్ల ఆ ముక్కల్లోనే. 2024 మేలో జీపీటీ-4ఓ అనే కొత్త మోడల్ విడుదల చేసినప్పుడు, చాట్‌జీపీటీ కంపెనీ ఓపెన్‌ఏఐ ఒక చిన్న పరిచయం పేరాని రకరకాల భాషల్లో పెట్టి చూపించింది. తెలుగులో అది అంతకుముందు 159 టోకెన్లు, కొత్తదాంట్లో 45. బాగా తగ్గింది, సంతోషం. కానీ అదే పేరా ఇంగ్లీషులో 24. అంటే మెరుగుపడ్డాక కూడా మనకి దాదాపు రెట్టింపు టోకెన్లు ఖర్చయ్యాయి. తెలుగులో పెద్ద పీడీఎఫ్‌లు ఎక్కించి పని చేయిస్తే ఉచిత ప్లాన్ పరిమితి తొందరగా అయిపోవడానికి ఇదొక కారణం కావచ్చు. పెద్ద డాక్యుమెంట్‌ని మొత్తం ఒకేసారి పెట్టకుండా కావాల్సిన పేజీలు మాత్రమే పెట్టండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సంక్రాంతికి ముందు ఒక ఊరి ప్రభ కమిటీవాళ్ళు కరపత్రం రాయమన్నారు. కోనసీమలో కనుమనాడు ప్రభల తీర్థాలు, అంటే దేవుణ్ణి వెదురు ప్రభ మీద పెట్టి మోసుకెళ్ళే జాతరలు జరుగుతాయి, అందులో జగ్గన్నతోట తీర్థం పేరున్నది, పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు మంది శివుళ్ళు, ప్రభల మీద అక్కడికి చేరతారు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఢిల్లీలో మన రాష్ట్రం శకటం కూడా ఈ ప్రభల తీర్థమే. ఇంత పేరున్న విషయం కదా, దీనికి తెలిసే ఉంటుందిలే అని యాప్‌ని ఒక పేజీ రాయమన్నాను. రాసింది. చదవడానికి హాయిగా ఉంది. ప్రభ ఎనభై అడుగులు, విద్యుత్ దీపాలు, ట్రాక్టర్ మీద ఊరేగింపు! అవి కోటప్పకొండ ప్రభలు, శివరాత్రివి, పల్నాడువి. మన ప్రభ వెదురుతో కట్టి, రంగు గుడ్డలు చుట్టి, నెమలి ఈకలు పెట్టి, మనుషులు భుజాల మీద మోసేది. చక్రాలుండవు. చేలలోంచి, తోటల్లోంచి వెళ్తుంది, గంగలకుర్రు ప్రభలైతే కౌశిక కాలవలో దిగి నీళ్ళలోంచి వెళ్తాయి. పేరు ఒకటే కావడంతో యాప్ రెంటినీ కలిపేసింది.

అంతకంటే నాకు కోపం వచ్చింది ఇంకో చోట. ఆ ఊరి ప్రభని ఫలానా సంస్థానాధీశుడు ఫలానా సంవత్సరంలో మొదలుపెట్టాడని రాసింది. ఊళ్ళో ఎవరికీ తెలియని సంవత్సరం అది. ఎక్కడ చూశావని అడిగితే వెంటనే క్షమించమని ఇంకో సంవత్సరం ఇచ్చింది. మళ్ళీ అడిగితే ఇంకోటి. ఇది అబద్ధం చెప్పాలని చెప్పడం కాదు, ఆ యంత్రం పనిచేసే తీరే అంత: ఇంతవరకు వచ్చిన మాటల్ని బట్టి తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి పెడుతుంది. గుడి చరిత్ర అన్నాక రాజు, రాజు అన్నాక సంవత్సరం రావాలి కాబట్టి వచ్చింది. కానీ కరపత్రం అచ్చయి ఊరంతా పంచాక, ఆ సంవత్సరం ఇంకో రెండేళ్ళకి గుడి గోడ మీద బోర్డుగా ఎక్కుతుంది, ఆ తర్వాత అదే చరిత్ర. ఒక ఊరి చరిత్ర అలా పాడైపోతుంటే ఊరుకోవడం నావల్ల కాదు.

చివరికి ఆ పేజీ మొత్తం పక్కనపెట్టి, చాలా ఏళ్ళు ప్రభ మోసిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. "కాలవలో దిగేటప్పుడు పొడుగువాళ్ళు ముందుకొస్తారు బాబూ, లేకపోతే ప్రభ ముందుకి తూలిపోద్ది. గట్టెక్కేటప్పుడు మళ్ళీ పొడుగువాళ్ళు ఎనక్కి. ఆ మారడం నడుస్తానే అవ్వాల, ప్రభ కింద పెట్టకూడదు," అన్నాడాయన, ఎదురుగా ఉన్న అరుగు మీద చెంబుని గట్టుగా, తన భుజాన్ని బొంగుగా చూపించి మరీ. ఇది నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. కరపత్రంలో రెండు వాక్యాలుగా పెట్టాను. తీర్థంలో జనం నిలబడి ఒకరికొకరు చదివి వినిపించుకున్నది ఆ రెండు వాక్యాలే. కమిటీవాళ్ళు వచ్చే ఏడాదికి కూడా నన్నే రాయమన్నారు, ఈసారి కరపత్రం కాదు, చిన్న పుస్తకం.

రొయ్యల మేత పాంప్లెట్ సంగతి చిన్నదే కానీ డబ్బుతో ముడిపడింది. చెరువుల దగ్గర కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. 100 కౌంట్ అంటే చిన్న రొయ్య, 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, రేటు కూడా పెద్దదానికే ఎక్కువ. యాప్ రాసిన శీర్షిక "మీ రొయ్యల కౌంట్ పెంచే మేత". అది అచ్చేసి పంచితే రైతు ఆ మేత ముట్టుకోడు, కౌంట్ పెరిగిందంటే రొయ్య ఎదగలేదని కదా అర్థం. షాపాయన చదువుకున్నవాడే, ఆయన కూడా అచ్చుకి ఇచ్చేముందు గమనించకపోవచ్చు, ఎందుకంటే వాక్యం అంత శుభ్రంగా ఉంటుంది. తప్పుల్లేని వాక్యంలో తప్పు విషయం ఉంటే పట్టుకోవడం కష్టం, ఇది ఈ యాప్‌తో అన్నిటికంటే పెద్ద ఇబ్బంది. మామూలుగా అనుభవం లేనివాడు రాస్తే వాక్యంలోనే తడబాటు కనిపిస్తుంది, మనం జాగ్రత్తపడతాం. దీనికి తడబాటు ఉండదు.

కథల సంగతి ఎక్కువ చెప్పను. మా వైపు అత్తగారు అల్లుణ్ణి "నువ్వు ఎలా ఉన్నావు అల్లుడా" అని అడగదు. "ఎప్పుడొచ్చారండీ అల్లుడు గారూ, ఎండలో వచ్చినట్టున్నారు, ముందు కాళ్ళు కడుక్కోండి" అంటుంది. గోదావరి యాసలో రాయమంటే ప్రతి వాక్యం చివరా "ఆయ్" తగిలిస్తుంది, యాస అంటే అదేనని దాని లెక్క. పాత్రలన్నీ ఒకే గొంతుతో మాట్లాడతాయి, పాలేరూ ప్రెసిడెంటూ ఒకేలా. మీరు కథలు రాసేవాళ్ళయితే, ముఖ్యంగా మొదలుపెట్టిన కొత్తలో, దీనికి మీ డ్రాఫ్టు ఇచ్చి "మెరుగుపరచు" అనకండి. మీ వాక్యంలో ఉన్న గరుకంతా తీసేసి నున్నగా చేసి ఇస్తుంది, ఆ గరుకే మీది.

సరే, 5కి 4 ఎందుకు ఇచ్చానో చెప్పాలి కదా. పాత సంచికలు, కరపత్రాలు ఎవరింట్లోనో అటక మీద ఉంటాయి, చెద పట్టి, మరకలు పడి. ఫోన్‌తో ఫోటో తీసి ఇస్తే అచ్చులో ఉన్న తెలుగుని టైపు చేసి ఇస్తుంది. ఒత్తులు అక్కడక్కడ తారుమారవుతాయి, పాత అచ్చులో అతుక్కుపోయిన అక్షరాలు ఉంటే ఊహించి పెట్టేస్తుంది, కాబట్టి అసలు కాగితం పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోవాల్సిందే. అయినా మొత్తం టైపు చేయడంతో పోలిస్తే చాలా శ్రమ తగ్గింది. షష్టిపూర్తి సంచిక చేసేటప్పుడు ఆ కుటుంబంవాళ్ళ పాత ఉత్తరాలు, పెళ్ళి శుభలేఖలు ఇలాగే ఎక్కించాను. చేతిరాత మాత్రం దానికి అప్పగించకండి, సొంతంగా కల్పిస్తుంది.

ఇంగ్లీషు పనుల్లో అయితే నిజంగా గొప్ప సాయం. మనలో చాలామందిమి తెలుగు మీడియంలో చదివి, రాత బాగా వచ్చినా హైదరాబాదు, బెంగళూరు కంపెనీలకి ఇంగ్లీషులో మెయిల్ పెట్టాలంటే టెన్షన్ పడి పని వదులుకున్నవాళ్ళం ఉన్నాం. బాకీ అడుగుతూ మర్యాదగా, గట్టిగా ఒక మెయిల్ రాయడం, పది పేజీల అగ్రిమెంటులో నా రాతమీద హక్కులు ఎవరికి పోతున్నాయో వెతికి చూపించడం, ఇవి ఇది బాగా చేస్తుంది. ఒక అగ్రిమెంటులో నా అనువాదాలని యంత్రాలకి నేర్పడానికి వాడుకోవచ్చన్న క్లాజు ఉందని పట్టిచ్చింది ఇదే. పట్టిచ్చాక ఆ క్లాజు నేనే అగ్రిమెంటు తెరిచి చదివాను, మీరూ అలాగే చేయండి, అది చెప్పింది కదా అని వదిలేయకండి. ఇంకో మంచి వాడకం ఉంది: నేను రాసిన పేజీ ఇచ్చి "ఈ ఊరి గురించి ఏమీ తెలియనివాడికి ఇందులో ఏం అర్థం కాదు, ప్రశ్నలు మాత్రం అడుగు, ఒక్క వాక్యం కూడా మార్చకు" అంటాను. అడిగే ప్రశ్నల్లో సగం పనికొస్తాయి.

ఇప్పుడు బతుకుతెరువు మాట. మా మేనకోడలు ముమ్మిడివరంలో డిగ్రీ చదువుతోంది, బాగా రాస్తుంది. "మామయ్యా, ఈ యాప్ వచ్చాక రాసేవాళ్ళకి పని ఉంటుందా, లేక బ్యాంకు కోచింగ్‌లో చేరిపోనా?" అని అడిగింది. దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, తియ్యగా చెప్పలేదు.

కొన్ని పనులు పోయాయి. వెబ్‌సైట్లకి మామూలు వ్యాసాలు, ఇంగ్లీషు వార్తకి తెలుగు సారాంశం, వస్తువుల వివరణలు, వీటికి ఇదివరకు ఇచ్చే డబ్బు ఇప్పుడు ఇవ్వరు. నాకు అనువాదాలు ఇచ్చే ఒక ఏజెన్సీవాళ్ళు ఇప్పుడు యంత్రం చేసిన అనువాదం పంపించి "సరిచేయండి చాలు" అంటున్నారు, రేటు మూడో వంతు. సరిచేయడం అంటే ఏమిటో చేసినవాళ్ళకి తెలుసు. ఇంగ్లీషు ఫైలు చదవాలి, యంత్రం తెలుగు చదవాలి, రెండూ పోల్చాలి, సగం వాక్యాలు మళ్ళీ రాయాలి. ఒక్కోసారి మొదటినుంచి చేస్తేనే త్వరగా అవుతుంది. అందుకని ఇప్పుడు పని ఒప్పుకునేముందే యంత్రం చేసిందా మనిషి చేసిందా అని అడుగుతున్నాను, యంత్రం చేసిందైతే పేజీ లెక్క కాదు, గంటల లెక్క అంటున్నాను. కొంతమంది వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు ఇస్తున్నారు.

ఇలా అడగడం మన హక్కు అని అమెరికాలో సినిమా, టీవీ రచయితలు చేసి చూపించారు. 2023లో వాళ్ళ గిల్డ్, అంటే రచయితల సంఘం, 148 రోజులు సమ్మె చేసింది. ఒప్పందంలో ఏం సాధించారంటే, ఏఐ రాసినదాన్ని రచన కింద లెక్కేయకూడదు, ఏఐ వాడి తీరాలని రచయితని బలవంతపెట్టకూడదు, రచయిత చేతికిచ్చే కాగితాల్లో ఏఐ రాసింది ఉంటే ముందే చెప్పాలి. మన జిల్లాల్లో కరపత్రాలు రాసేవాళ్ళకి గిల్డ్ ఎక్కడుంది అంటారు, నిజమే. కానీ ఆ మూడో షరతు ఒక్కటి ప్రతి ఒక్కరూ తన పని ఒప్పుకునే మెసేజ్‌లో ఒక వాక్యంగా పెట్టుకోవచ్చు, దానికి సమ్మె అక్కర్లేదు. హక్కుల విషయంలో కూడా జాగ్రత్త. 2025 జనవరిలో అమెరికా కాపీరైట్ ఆఫీసు తన నివేదికలో యంత్రానికి ప్రాంప్టు, అంటే ఏం రాయాలో చెప్పే మాట, ఇచ్చి రాయించుకున్నంత మాత్రాన ఆ రాత మీద మనకి కాపీరైట్ రాదని, మనిషి చేసిన సృజన ఉండాలని స్పష్టంగా చెప్పింది. అంటే పుస్తకం అంతా యాప్‌తో రాయించి బయటి మార్కెట్లో అమ్ముకుందామనుకుంటే దాన్ని ఇంకొకడు ఎత్తుకుపోయినా మీకు దిక్కుండకపోవచ్చు.

రాత్రికి రాత్రి పుస్తకం అని ఆశపెట్టే ఆన్‌లైన్ కోర్సులు కూడా ఊరూరా దొరుకుతున్నాయి. మా మేనకోడలి స్నేహితురాలు ఒకదానికి డబ్బు కట్టింది, నోట్స్ నేను చూశాను, అందులో ఉన్నవి యాప్‌ని ఊరికే అడిగితే అదే చెప్పే మాటలు. అలా బయటికొచ్చే రాత ఎక్కడికి పోతుందో కూడా చూడండి. అమెరికాలో క్లార్క్స్‌వరల్డ్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక 2023 ఫిబ్రవరిలో యంత్రం రాసిన కథలు వరదలా వచ్చిపడుతుంటే కొన్నాళ్ళు కథలు తీసుకోవడమే ఆపేసింది. నష్టపోయింది ఎవరు? తమ చేత్తో రాసి పంపుదామనుకున్న కొత్తవాళ్ళే.

మరి పని ఎక్కడుంది? నాకు ఈ ఏడాది పెరిగినవి చెప్తాను. షష్టిపూర్తి సంచికలు, కుటుంబ చరిత్రలు, ఊరి చరిత్రలు, గుడి పుస్తకాలు. అమెరికాలో, హైదరాబాదులో స్థిరపడిన పిల్లలు అమ్మానాన్నల జీవితం పుస్తకంగా రాయించుకుంటున్నారు, మనిషి వచ్చి కూర్చుని అడగాలి, రికార్డు చేయాలి, రావులపాలెం నుంచి రాజోలు దాకా బంధువుల ఇళ్ళకి తిరగాలి, చివరికి "ఇది నిజమే" అని తన పేరు కింద సంతకం పెట్టాలి. దానికి డబ్బిస్తారు. పేజీ లెక్కన కాదు, తిరిగినదానికీ పూచీపడినదానికీ ఇస్తారు. మన డెల్టాలో అచ్చయినదాంట్లో చాలా భాగం పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో "అను" అనే పాత తెలుగు ఫాంట్లలో కంపోజ్ చేసి అచ్చేసి వదిలేసినవి, ఇంటర్నెట్‌లోకి ఎప్పుడూ ఎక్కలేదు. మాటగా ఉన్నదైతే అసలే ఎక్కలేదు. ఎక్కనిది ఈ యంత్రం చదివుండదు. అది మన దగ్గరే ఉంది, వెళ్ళి అడిగి తెచ్చి రాసేవాడికి ఇప్పటికైతే పోటీ లేదు. మేనకోడలికి కూడా అదే చెప్పాను: బ్యాంకు కోచింగ్‌లో చేరు, తప్పులేదు, ఆదివారాలు మాత్రం అంబాజీపేట కొబ్బరి మార్కెట్లోనో, గోదావరి లంకల్లో అరటి తోటల దగ్గరో ఎవరో ఒకరితో కూర్చుని వాళ్ళ పని గురించి రెండు పేజీలు రాయి, యాప్ ఫోన్లో ఉంటే ఉండనీ, ఆ రెండు పేజీలూ అయ్యేదాకా తెరవకు.

కొనేవాళ్ళకి రెండు జాగ్రత్తలు. ఒకటి, పాత అను ఫాంటు ఫైలుని నేరుగా కాపీ చేసి పెడితే యాప్‌కి పిచ్చి గీతల్లా కనిపిస్తుంది, ముందు యూనికోడ్‌లోకి, అంటే ఇప్పుడు ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే అక్షరాల పద్ధతిలోకి మార్చుకోండి, లేదా అచ్చు పేజీ ఫోటో ఇవ్వండి, అదే సులువు. రెండోది ముఖ్యం: ఒకరి ఇంటి కథ, ఉత్తరాలు, అచ్చుకాని రచన ఎక్కించేముందు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, మన మాటల్ని యాప్‌కి నేర్పడానికి వాడుకోవచ్చన్న అనుమతి ఆన్‌లో ఉంటే తీసేయండి, ఆ ఇంటివాళ్ళని కూడా ఒక మాట అడగండి. వాళ్ళు వద్దంటే ఎక్కించకండి, కూర్చుని టైపు చేసుకోండి.